మూరెడు ఎడం, అరకిలో పువ్వు

కావలిలో మా ఇంటి వెనక పెరడు మూడంకణాలకు కాస్త ఎక్కువ ఉంటుంది. నెల్లూరు లెక్కలో అంకణమంటే 72 చదరపు అడుగులు కనుక, కొబ్బరిచెట్టు నీడ, కరివేపాకు చెట్టు, బట్టలారేసే తీగ కింది చోటు తీసేస్తే కూరగాయలకు మిగిలేది రెండంకణాలకు లోపే. ఆ చోటులో నాలుగేళ్ళుగా వంగ, బెండ, గోరుచిక్కుడు పండిస్తున్నాను. వాటి విషయంలో మొక్కల మధ్య ఎంత ఎడం ఉండాలన్న ప్రశ్న నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు, ఎందుకంటే బెండ మొక్కలు కొంచెం ఇరుకైనా నాలుగు కాయలు తక్కువ కాస్తాయి తప్ప కాయ సైజు మారదు. కాలీఫ్లవర్ అలా కాదు. ఒక మొక్కకు ఒకటే పువ్వు, ఆ పువ్వు ఎంతైతే అంతే మన పంట.

మొదటిసారి 2023లో వేశాను. అక్టోబరు చివర నారు పోసి, నవంబరు చివరికి నాటుదామనుకుంటుండగా తుఫాను కబురు వచ్చింది. డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మా జిల్లాను వానతో ముంచెత్తింది. పెరట్లో నీళ్ళు తీసి, మడి ఆరి, నారు నాటేసరికి దాని వయసు యాభై రోజులు. పైగా పోసిన నారు పారేయడానికి మనసొప్పక అరవై మొక్కలనూ జానెడు ఎడంలో ఇరికించాను. ఫిబ్రవరిలో వచ్చిన పువ్వుల్లో సగం గూడూరు నిమ్మకాయంత ఉన్నాయి. వాటిని పళ్ళెంలో పెట్టి ఇస్తే మా ఆవిడ, "ఏమండీ, ఇవి కూరకా, పూజకా?" అని అడిగింది. నేను విత్తనాలమ్మిన కొట్టతన్ని తిట్టుకున్నాను.

ఆయన తప్పేమీ లేదని తరువాత తెలిసింది. నిమ్మకాయంత పువ్వు రావడాన్ని బటనింగ్ అంటారు, అంటే పువ్వు గుండీలా చిన్నదిగానే ఆగిపోవడం. ముదిరిన నారు నాటడం, నత్రజని చాలకపోవడం, కాలానికి సరిపడని రకం వేయడం దీనికి ముఖ్య కారణాలు. నారు వయసు నాలుగు వారాలు, మహా అయితే అయిదు వారాలు దాటకూడదు. నేను ముదురు నారు నాటాను, ఇరుకుగానూ నాటాను. రెండు తప్పులు ఒకేసారి చేసినందువల్ల ఏది ఎంత చెరిచిందో తేల్చే వీలు లేకపోయింది. ఎడం ఒక్కటే మారి, మిగతావన్నీ ఒకటిగా ఉంటే పువ్వు ఎంత మారుతుందో చూడాలన్న పట్టుదల అక్కడ పుట్టింది.

ముందుగా ఈ మొక్క పద్ధతి కొంచెం చెప్పాలి. కాలీఫ్లవర్ మొదట కొంతకాలం ఆకులే వేస్తుంది. తగినన్ని ఆకులు వేశాక, తన రకానికి సరిపడే చల్లదనం తగిలితే, కొన మీద పువ్వు కట్టడం మొదలుపెడుతుంది. అప్పటినుంచి కొత్త ఆకులు రావు, అప్పటికున్న ఆకులు వండిపెట్టిందే పువ్వు తింటుంది. అందువల్ల పువ్వు కనబడ్డాక మనం చేసే సేవ కంటే, అది కనబడేనాటికి మొక్క మీద ఎంత వెడల్పున ఎన్ని ఆకులున్నాయన్నదే పువ్వు బరువును ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఇరుకు మడిలో పక్క మొక్క ఆకులు తగిలిన క్షణం నుంచీ ఆకులు వెడల్పుగా పరుచుకోవడం మాని, వెలుతురు కోసం నిలువుగా సాగుతాయి. కింది ఆకులు నీడలో పడి త్వరగా పసుపెక్కి రాలిపోతాయి. పైన ఇంత జరుగుతుంటే మట్టిలో వేళ్ళు నీటికీ ఎరువుకూ పోటీ పడుతుంటాయి.

2024లో సెప్టెంబరు చివరి వారంలో నారు పోసి, అక్టోబరు ఆఖరున, ముప్ఫయి రెండు రోజుల నారు నాటాను. ఒకే పొట్లంలోని విత్తనం, ఒకే రోజు నాటు, ఒకే ఎరువు: చివికిన పశువుల ఎరువు, వేపపిండి, నెలకొకసారి పిడికెడు యూరియా. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున మూడు మళ్ళు కట్టాను, ఒక్కొక్కటి సరిగ్గా అరంకణం. మొదటి దానిలో అడుగు ఎడంతో 36 మొక్కలు, రెండో దానిలో ఎటు చూసినా మూరెడు ఎడంతో 16 మొక్కలు, మూడోదానిలో సాలుకూ సాలుకూ మధ్య రెండడుగులు, మొక్కకూ మొక్కకూ మధ్య మూరెడు చొప్పున 12 మొక్కలు పెట్టాను. పొలాల్లో త్వరగా కోతకొచ్చే రకాలకు 45 సెంటీమీటర్ల చదరం, ఆలస్యంగా వచ్చేవాటికి 60కి 45 సెంటీమీటర్లు చెబుతుంటారు. మన మూర సుమారు 45 సెంటీమీటర్లే కనుక నా రెండో మడి, మూడో మడి ఆ లెక్కకు దగ్గరగా వచ్చాయి.

మా వీధి చివర ఉండే పెద్దాయన కందుకూరు వైపు చాలాకాలం పొగాకు పండించి వచ్చినవాడు. మొదటి మడిని చూసి, "ఏం నాయనా, నారు నాటావా, నారుమడే వదిలేశావా?" అన్నాడు. పొగాకులో అమ్మేది ఆకే కనుక ఆకు వెడల్పు తగ్గితే రేటు తగ్గుతుందని, అందుకే పొగాకు రైతు ఎడం దగ్గర పీనాసితనం చేయడని ఆయన వివరించాడు. ఆకును చూసి దిగుబడిని అంచనా కట్టే ఆ చూపు కాలీఫ్లవర్‌కు కూడా అక్షరాలా సరిపోతుంది. ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు, పొగాకు లద్దె పురుగు ఈ ఆకును కూడా వదలదని. నెల తిరక్కుండానే అది నిజమైంది. మడి చుట్టూ నాలుగు ఆముదం మొక్కలు వేసి, వాటి ఆకుల అడుగున పెట్టిన గుడ్ల గుంపులను ఆకుతో సహా తుంచేయడం ఆయన నేర్పిన పనే.

డిసెంబరు చివర నుంచి సంక్రాంతి వెళ్ళిన వారం వరకూ కోతలు సాగాయి. ప్రతి పువ్వునూ ఆకులు తీసి, వంటింటి తూకం మీద పెట్టి, పిల్లల పాత నోటు పుస్తకంలో రాశాను. అడుగు ఎడం మడిలో సగటున 280 గ్రాములు, మూరెడు మడిలో 590, రెండడుగుల సాళ్ళ మడిలో 740 వచ్చాయి. ఎడం పెరిగితే పువ్వు పెరుగుతుందన్నది ముందే ఊహించినదే. నాకు ఆశ్చర్యం కలిగించినది మొత్తం బరువు. మూడు మళ్ళూ అరంకణాలే కదా, మొదటిది పది కిలోలు, రెండోది తొమ్మిదిన్నర, మూడోది తొమ్మిదికి కాస్త తక్కువ ఇచ్చాయి. అంటే నేల తనకున్న వెలుతురుతో, ఎరువుతో ఇవ్వగలిగినది సుమారుగా ఒకే మొత్తం. దాన్ని ముప్ఫయ్యారు ముద్దలుగా పంచుకోవాలా, పన్నెండు ముద్దలుగా పంచుకోవాలా అన్నదే మన చేతిలో ఉంది.

ఈ లెక్కను ఇంగ్లండులోని వెల్స్‌బోర్న్ కూరగాయల పరిశోధనా కేంద్రం వారు 1970 దశకంలో మరో కొసకు తీసుకువెళ్ళారు. అర అడుగు చదరంలో, అంటే 15 సెంటీమీటర్ల ఎడంలో కాలీఫ్లవర్ వేసి, ఒక్కరికి ఒక పూట సరిపోయే చిట్టి పువ్వులను కావాలనే పండించారు. అంత ఇరుకులో మొక్కలన్నీ ఇంచుమించు ఒకేసారి కోతకు రావడం వారికి లాభం, ఎందుకంటే కోసి, గడ్డకట్టించి నిలవ చేసుకోవచ్చు. మా ఇంట్లో అదే నష్టం. ఒకే వారంలో ముప్ఫయి పువ్వులు చేతికొస్తే పక్కిళ్ళకు పంచడం, పచ్చడి పెట్టడం తప్ప చేసేదేమీ ఉండదు.

నోటు పుస్తకంలో ఇంకో సంగతి బయటపడింది, అది ఏ కరపత్రంలోనూ నాకు కనబడలేదు. అడుగు ఎడం మడిలో అంచున ఉన్న ఇరవై మొక్కల పువ్వులు 350 గ్రాములకు అటూ ఇటూ ఉంటే, నడుమనున్న పదహారింటిలో రెండు వందలు దాటినవి తక్కువ. ఒకే మడి, ఒకే ఎడం. అంచు మొక్కకు ఒక పక్క నడిచే దారి ఉంది, అటునుంచి వెలుతురు వస్తుంది, అటు వేరు పారుతుంది. ఎకరాల పొలంలో అంచు మొక్కలు లెక్కలోకి రావు కానీ, పెరట్లో సగానికి పైగా మొక్కలు అంచువే. మూడో మడిలోనైతే పన్నెండింటిలో పది అంచువే, నడుమ ఉన్నవి రెండు. కాబట్టి నా మూడో మడి ఘనతలో కొంత దారి పుణ్యమేనని ఒప్పుకోవాలి. పొలానికి చెప్పిన ఎడాన్ని సన్నని పెరటి మడికి యథాతథంగా పాటించనక్కర లేదని కూడా దీనివల్లే అనిపించింది. రెండు సాళ్ళ మడి అయితే మూరకు ఓ రెండంగుళాలు తగ్గించినా పువ్వు బరువు పెద్దగా తగ్గదు.

ఎడం ఇంకా పెంచి మూడడుగులు చేస్తే కిలోన్నర పువ్వు వస్తుందా అని మా బావమరిది అడిగాడు. మన దగ్గర కష్టమే. పెద్ద పువ్వుకు చోటుతో పాటు చల్లని రోజులు కూడా కావాలి. ఆలస్యంగా కోతకొచ్చే స్నోబాల్ తరగతి రకాలు 10 నుంచి 16 డిగ్రీల మధ్య పువ్వు కడతాయి, నెల్లూరు తీరంలో సంక్రాంతి రాత్రుల్లో కూడా అంత చలి దొరకదు. అందుకని మనం వేసుకోవలసినవి పూసా దీపాలి లాంటి, 20 డిగ్రీలకు పైన కూడా పువ్వు కట్టే తొందర రకాలు. వాటి ఆకుల సంఖ్యకూ, రోజులకూ పరిమితి ఉంది. ఆ మొక్క చాచగలిగినంత మేర దాటి ఇచ్చిన చోటు గడ్డికి ఇచ్చినట్టే. పైగా ఎడం ఎక్కువగా ఉన్న మొక్కకు యూరియా కూడా ఎక్కువ దొరికి ఒక్కసారిగా ఎదిగితే కాడ లోపల బోలుగా తయారవుతుంది. మూడో మడిలో రెండు పువ్వులు కోసినప్పుడు కాడ మధ్య బొటనవేలు దూరేంత ఖాళీ కనబడింది. ఆ మడిలోనే ఆకులు పక్కలకు వాలిపోయి పువ్వు మీద ఎండ పడి పసుపు రంగు తిరిగింది. పువ్వు కోడిగుడ్డంత అయినప్పుడే పై ఆకులను మడిచి, అరటినారతో కట్టేస్తే ఆ బాధ లేదు. మొదటి మడిలో నిలువుగా ఉన్న ఆకులే గొడుగు పట్టడంతో పువ్వులు తెల్లగా ఉన్నాయి కానీ, నవంబరు వానల తరువాత గాలాడక నల్లకుళ్ళు మచ్చలు మొదట కనబడింది కూడా అక్కడే.

ఇక మా వంటిల్లు. మేము ముగ్గురం. పసుపు, ఉప్పు వేసిన వేడినీళ్ళలో ముంచి, పురుగు చూసుకుని, టమాటా వేసి వండితే అరకిలో పువ్వు ఒక పూటకు సరిగ్గా సరిపోతుంది. ముప్పావుకిలో పువ్వు సగం వాడి ఫ్రిజ్‌లో పెడితే మూడో రోజుకు గోధుమరంగు చుక్కలు వేస్తుంది. మాకు కావలసిన పువ్వు రెండో మడిదే. అందువల్ల ఇప్పుడు మూరెడు ఎడమే పెడుతున్నాను, కాకపోతే ఒక సాలులోని మొక్క పక్క సాలులోని రెండు మొక్కల నడుమకు వచ్చేట్టు ఏటవాలుగా నాటుతున్నాను. నారు కూడా ఒకేసారి పోయకుండా పదిహేను రోజుల తేడాతో రెండు విడతలు పోస్తున్నాను.

మొన్న నాటేటప్పుడు ఒక సాలు నేను, ఒక సాలు మా ఆవిడ పట్టాం. మధ్యాహ్నానికి చూస్తే ఆమె సాలులో ఒక మొక్క ఎక్కువ పట్టింది. ఆమె మూర నా మూర కంటే రెండంగుళాలు పొట్టి. ఆ మొక్కను పీకనివ్వలేదు, అంచు సాలే కదా, ఉండనివ్వమంది.