బలం వదిలితే నిలిచే చేయి

ఇంగ్లండులో మేముంటున్న చిన్న పట్టణంలో, ఒక కమ్యూనిటీ హాలులో జరిగే ఐకిడో అనే జపాను యుద్ధకళ తరగతికి నేను క్రమం తప్పక వెళ్తున్నాను. మేము సాధన చేసేది, ఐకిడోను రూపొందించిన మొరిహెయి ఉయెషిబా శిష్యుడు కొయిచి తొహేయి 1974లో ప్రధాన సంస్థ నుంచి విడివడి నెలకొల్పిన శాఖ. మనసునూ శరీరాన్నీ ఏకం చేయడమే ఇందులో ముఖ్యం. పట్లు, విసుర్లు ఆ తర్వాతివే.

నాకు అత్యంత ఇష్టమైనది వంగని చేయి అనే అభ్యాసం. ఒకరు చేయి చాపి నిలబడితే, జోడీగా ఉన్నవారు రెండు చేతులతో దానిని మోచేతి దగ్గర మడవడానికి ప్రయత్నిస్తారు. కండరాలను బిగించి ఎదిరించేవారు త్వరగా అలసిపోతారు. భుజాన్ని వదులుచేసి, ధ్యాసను వేళ్ల కొసలు దాటించి ఎదుటి గోడకు అవతలికి పంపినప్పుడు మాత్రం అదే చేయి శ్రమ లేకుండా నిలుస్తుంది. ఇందులో మహిమ ఏమీ లేదని, చేతిని మడిచే కండరం అనవసరంగా బిగుసుకోకపోవడమే కారణమని నేను భావిస్తున్నాను. అయినా భయమో కోపమో కలిగిన క్షణంలోనే ఆ చేయి వంగిపోవడం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది.

ఈ శాఖలో పోటీ కుస్తీలు లేవు. నల్ల బెల్టు గలవారే కొత్తవారికి జోడీగా నిలిచి, మొదట సురక్షితంగా పడడం నేర్పుతారు. పెద్ద వయసువారి కోసం వేగం తగ్గిస్తారు. నా ఉచ్చారణను గాని, నా నెమ్మదిని గాని ఇక్కడ ఎవరూ ఎత్తిచూపలేదు. చేరదలచిన మనవారికి తొలిరోజు వదులైన దుస్తులు చాలు.