ఆదివారం మెచ్చుకున్న పని

"వచ్చే ఏడాది సగం పూట కెరీర్ సెంటర్‌కి వెళ్లి ఆటోమోటివ్ నేర్చుకుంటానమ్మా" అంటూ పదో తరగతి చదివే మా అమ్మాయి ఫారం తెచ్చి చేతిలో పెట్టింది. మేముండే అమెరికాలోని ఒహాయోలో పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు ఈ అవకాశం ఉంది. సగం రోజు మామూలు స్కూలు, మిగతా సగం కెరీర్ సెంటర్ అనే వృత్తి విద్యా కేంద్రంలో కార్ల దగ్గర. చివర్లో కార్ల మెకానిక్‌లకు సర్టిఫికెట్ ఇచ్చే ఏఎస్‌ఈ సంస్థ ఎంట్రీ లెవెల్ పరీక్ష రాయొచ్చు. నేను సంతకం పెట్టలేదు.

దీనంతటికీ మొదలు మా పాత కారు. చలికి తలుపు కిటికీ అద్దం రబ్బరుకు గడ్డకట్టి అతుక్కుపోయి ఉన్నప్పుడు ఎవరో స్విచ్ నొక్కారు. లోపల ఏదో టప్పుమంది. మంచు కరిగాక అద్దం తలుపులోకి జారిపోయింది. షాపుకు ఫోన్ చేయబోతుంటే "ముందు నన్ను చూడనివ్వు" అంది.

అద్దం కదలకపోతే చాలామంది మోటారు పోయిందనుకుని కొత్తది ఆర్డర్ పెట్టేస్తారు. తను అలా చేయలేదు. విండో లాక్ బటన్ నొక్కి ఉందేమో చూసింది. డ్రైవర్ దగ్గరి స్విచ్‌తో, ఆ తలుపుకున్న స్విచ్‌తో విడివిడిగా నొక్కి, తలుపుకు చెవి ఆనించి వింది. మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అంటే ఫ్యూజు, స్విచ్, వైర్లు, మోటారు బాగానే ఉన్నాయి. అద్దాన్ని పైకీ కిందికీ నడిపే రెగ్యులేటర్‌లోనే కేబులో, ప్లాస్టిక్ క్లిప్పో విరిగింది. చప్పుడే లేకపోతే వేరే చోట వెతకాలట. ముందు ఫ్యూజు. తర్వాత స్విచ్ నొక్కి పట్టుకుని, మోటారు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్‌లో 12 వోల్టులు వస్తున్నాయా అని. కరెంటు సరిగ్గా వస్తున్నా తిరగకపోతే అప్పుడు మోటారును అనుమానించాలి. కరెంటే రాకపోతే, తలుపుకూ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలో వైరు తెగిందేమో చూడాలి. తలుపు తీసి వేసినప్పుడల్లా వంగేవి ఆ వైర్లే.

బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, హ్యాండిల్ వెనక దాగిన స్క్రూలు విప్పి, లోపలి ప్యానెల్‌ను కింది నుంచి క్లిప్పులు విరగకుండా ఊడదీసింది. దాని వెనక అతికించి ఉన్న ప్లాస్టిక్ షీటును చింపకుండా మెల్లగా ఒలిచింది. అది చిరిగితే వాన నీళ్లు కారు లోపలికి వస్తాయి. అద్దాన్ని పైకి లాగి టేపుతో ఫ్రేముకు అంటించి, పాత రెగ్యులేటర్ తీసి కొత్తది బిగించింది. బ్యాటరీ మళ్లీ కలిపి అద్దం నడిపి చూసేటప్పుడు "చెయ్యి తలుపులో ఉండగా ఎవరూ స్విచ్ ముట్టుకోవద్దు" అని నాకూ వాళ్ల నాన్నకూ గట్టిగా చెప్పింది. పిల్లలతో ఈ పని చేయించే ఎవరికైనా నేను మొదట చెప్పే మాట ఇదే. ఆ మోటారుకు వేళ్లను నలిపేసే బలం ఉంటుంది.

ఆ వీడియోను నేను మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో గర్వంగా పెట్టాను. పిల్లలకు చేతిపని రావాలి, పని చేసేవాళ్ల మీద గౌరవం ఉండాలి అని ఇంట్లో ఎప్పుడూ చెప్పేదాన్ని నేనే. అదే పని ఆదివారం సరదాగా కాకుండా టైమ్ టేబుల్‌లోకి వస్తానంటే చెయ్యి ఆగిపోయింది.

నేను విజయవాడలో పెరిగాను. "చదవకపోతే ఆటోనగర్‌లో పానాలు పట్టుకోవాలి" అనే బెదిరింపు మా వీధిలో ప్రతి ఇంట్లోనూ వినిపించేది. నాతో చదివిన ఒక అబ్బాయి ఏడో తరగతి మధ్యలోనే నిజంగా అక్కడికి వెళ్లాడు. ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పేవాడని తర్వాత అందరూ మెచ్చుకున్నారు. కానీ తమ పిల్లలను ఎవరూ అతని దగ్గర పనికి పెట్టలేదు. అతనికి వేరే దారి లేదు. మా అమ్మాయి కోరి అడుగుతోంది. రెండూ ఒకటి కాదని నాకు తెలుసు, అయినా భయం పోవడం లేదు.

భయానికి గట్టి కారణం కూడా ఉంది. మాకింకా గ్రీన్ కార్డు రాలేదు. తను హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా మీద ఉంది. సర్టిఫికెట్ వచ్చినా సెలవుల్లో ఏ గ్యారేజీలోనూ జీతానికి చేరడానికి వీల్లేదు. 21 ఏళ్లు నిండితే ఆ వీసా కూడా ఉండదు. స్టూడెంట్ వీసాకు మారాలి, మంచి కాలేజీ కావాలి, దానికి ఏపీ క్లాసులు, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి క్లాసులు కావాలి. ఇదంతా తనకు వివరంగా చెప్పాను. ఓపికగా విని, "వీసా గొడవ లేకపోతే సంతకం పెట్టేదానివా అమ్మా?" అని అడిగింది.

పెట్టేదాన్నని చెప్పాలనే అనుకున్నాను. చెప్పలేకపోయాను. పౌరసత్వం ఉన్న స్నేహితుల ఇళ్లలోనూ ఇలాంటి ఫారాలు టేబుల్ మీదే ఉండిపోవడం చూశాను. అక్కడ అడ్డం పడింది వీసా కాదు.

ఈ గురువారం ముగ్గురం కెరీర్ సెంటర్ చూడటానికి వెళ్తున్నాం. సగం పూట పోగా ఏపీ కాల్‌క్యులస్‌కు చోటుంటుందా, అక్కడి క్రెడిట్లను ఇంజనీరింగ్ కాలేజీలు ఎలా చూస్తాయి, హెచ్-4 పిల్లలు ఇంటర్న్‌షిప్ చేయలేకపోతే కోర్సు ఎలా పూర్తవుతుంది అని అడగాల్సినవి రాసిపెట్టుకున్నాను. మా అమ్మాయి మాత్రం అక్కడ కార్లను పైకెత్తే లిఫ్టులు ఎన్నున్నాయో అడుగుతానంటోంది.