రిమ్‌ఫైర్ టార్గెట్ పిస్టల్ పద్దు: ఎంపిక నుంచి ఐదు వేల తూటాల దాకా

కొనకముందు

ఏ పిస్టల్ మంచిది అని అడిగేముందు ఏ పోటీకి అన్నది తేల్చుకోవాలి. 25 మీటర్ల రిమ్‌ఫైర్ పోటీలకు అంతర్జాతీయ షూటింగ్ క్రీడల సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) నిబంధనలు గట్టి హద్దులే పెట్టాయి. కాలిబర్ 5.6 మి.మీ. రిమ్‌ఫైర్ (పిన్ తూటా వెనక అంచు అయిన రిమ్ మీద కొట్టే రకం), అంటే మనం పాయింట్ టూ టూ అనే .22 లాంగ్ రైఫిల్. బరువు 1,400 గ్రాములు దాటకూడదు. బ్యారెల్ 153 మి.మీ.కి, రెండు సైట్ల మధ్య దూరం 220 మి.మీ.కి మించకూడదు. ట్రిగ్గర్ కనీసం 1,000 గ్రాముల బరువు మోయాలి. సైట్లు తెరిచినవే ఉండాలి, ఎర్ర చుక్క చూపించే రెడ్ డాట్ సైట్ కుదరదు. ఈ కొలతలు చూసుకోకుండా కొంటే తర్వాత ఇబ్బందే. ఉదాహరణకు స్మిత్ అండ్ వెసన్ మోడల్ 41 వేర్వేరు పొడవుల బ్యారెళ్లతో వచ్చింది. అయిదున్నర అంగుళాలది ఈ పోటీలకు సరిపోతుంది, ఏడంగుళాలది (178 మి.మీ.) పనికిరాదు.

టార్గెట్ పిస్టళ్లు రెండు కుటుంబాలు. మోడల్ 41, రూగర్ మార్క్ 4, బ్రౌనింగ్ బక్ మార్క్, హామర్లీ 208 లాంటివాటిలో మ్యాగజైన్ గ్రిప్ లోపలికి వెళ్తుంది. వాల్తర్ జీఎస్‌పీ, పార్డీనీ ఎస్‌పీ, ఫైన్‌వెర్క్‌బావ్ ఏడబ్ల్యూ 93లలో మ్యాగజైన్ ట్రిగ్గర్ ముందు ఉంటుంది. రెండో రకంలో గ్రిప్ లోపల మ్యాగజైన్‌కు చోటు వదలక్కర్లేదు కాబట్టి చేతికి తగ్గట్టు చెక్కుకునే స్వేచ్ఛ ఎక్కువ, బరువు కూడా ముందుకు జరుగుతుంది. సీరియస్‌గా పోటీలకు దిగేవాళ్లకు మా ఓటు దీనికే. నేర్చుకునే దశలో రూగర్, బక్ మార్క్ ఏ మాత్రం తక్కువ కావు, వాటికి గ్రిప్, ట్రిగ్గర్ భాగాలు విడిగా దొరుకుతాయి. రూగర్‌లో 2016లో వచ్చిన మార్క్ 4 ఒక్క బటన్ నొక్కితే విడిపోతుంది. అంతకుముందు మార్క్‌లను విప్పడం వరకు బాగానే ఉంటుంది, తిరిగి బిగించేటప్పుడే ఓపిక పరీక్ష.

సెకండ్ హ్యాండ్ పిస్టల్ అయితే పైపూత మీద గీతలు పట్టించుకోవద్దు. మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, చాంబర్ ఖాళీ అని కంటితోనూ వేలితోనూ చూసుకున్నాక ముందుగా చాంబర్ నోటి అంచు చూడాలి. రిమ్‌ఫైర్‌లో పిన్ తూటా మధ్యలో కాదు, అంచు మీద కొడుతుంది. తూటా లేకుండా పదేపదే నొక్కిన పిస్టల్‌లో పిన్ చాంబర్ అంచునే కొట్టి గుంట పెడుతుంది. గుంట నుంచి ఉబికిన లోహం చాంబర్ లోపలికి పొడుచుకొచ్చి షెల్‌ను పట్టేస్తుంది. సన్నని పుల్లతో తడిమితే గరుకు తెలుస్తుంది. తర్వాత బ్యారెల్ మూతి అంచు: అక్కడ చిన్న నొక్కు ఉన్నా గ్రూప్ (టార్గెట్ మీద రంధ్రాల గుంపు) పాడవుతుంది. మ్యాగజైన్ పెదవులు ఎడమా కుడీ సమానంగా ఉన్నాయా, అల్యూమినియం ఫ్రేమ్ అయితే స్లైడ్ ఆగే చోట బీట ఉందా చూడాలి. రీకాయిల్ స్ప్రింగ్, ఫైరింగ్ పిన్, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ షెల్‌ను బయటికి లాగే కొక్కెం), అదనపు మ్యాగజైన్ ఇప్పటికీ దొరుకుతున్నాయో లేదో కనుక్కోకుండా మాత్రం డబ్బు కట్టొద్దు. విడిభాగాలు ఆగిపోయిన గొప్ప పిస్టల్ కన్నా దొరికే మామూలు పిస్టల్ నయం. లైసెన్సు, నిల్వ నియమాలు ఏ దేశానికి ఆ దేశానివే. అవి ముందే తేలాలి.

గ్రిప్

ఎక్కువ పని ఇక్కడే, ఎక్కువ లాభమూ ఇక్కడే. కారణం లెక్కలో ఉంది. సైట్ల మధ్య దూరం 220 మి.మీ. ఉన్నప్పుడు ఫ్రంట్ సైట్ వెనక సైట్ గాడి (నాచ్)లో 1 మి.మీ. పక్కకు జరిగితే 25 మీటర్ల దగ్గర గుండు 114 మి.మీ. పక్కకు పోతుంది. ప్రిసిషన్ టార్గెట్‌లో పది వలయం వ్యాసం 50 మి.మీ., అక్కడి నుంచి ఒక్కో వలయం 25 మి.మీ. వెడల్పు. అంటే ఆ ఒక్క మిల్లీమీటరు పదిని ఆరు చేస్తుంది. అదే చెయ్యి మొత్తంగా 10 మి.మీ. పక్కకు ఊగినా సైట్లు వరసలో ఉంటే గుండు పోయేది ఆ 10 మి.మీ.యే, స్కోరు పదే. కాబట్టి చెయ్యి ఊగకుండా చూడటం కన్నా, ఎత్తిన ప్రతిసారీ సైట్లు వాటంతట అవే వరసలోకి వచ్చే గ్రిప్ ముఖ్యం.

సైజు విషయంలో సందేహం ఉంటే దగ్గరగా ఉన్న చిన్నది తీసుకుని పుట్టీ పూయడం మేలు. పూసింది గీకేయొచ్చు, చెక్కేసిన చెక్క తిరిగి రాదు. అరచేతికి సుద్దపొడి రాసి ఒకసారి పట్టుకుని వదిలితే ఎక్కడ తగులుతోందో, ఎక్కడ ఖాళీ ఉందో మరక చూపిస్తుంది. తగిలినచోట ముతక ఆకురాయితో కొద్దికొద్దిగా తీయాలి. ఖాళీ ఉన్నచోట రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పుట్టీని 2-3 మి.మీ. మించకుండా పూసి, చేతికి పల్చగా వాసెలీన్ రాసుకుని, చెయ్యి పూర్తిగా చాచి గురి పెట్టే భంగిమలోనే పట్టుకోవాలి. బల్ల మీద కూర్చుని పడితే అచ్చు తప్పుగా పడుతుంది, ఎందుకంటే చెయ్యి ఎత్తాక మణికట్టు కోణమే మారిపోతుంది. ఒక రోజు ఆరనిచ్చి 80 నంబరు, తర్వాత 120 నంబరు ఎమెరీ పేపర్ పట్టించాలి. ఇంకా నునుపు చేయొద్దు, చెమట పడితే జారుతుంది.

చూపుడు వేలు పక్కన గ్రిప్‌ను ఎక్కడా తాకకూడదు. 1-2 మి.మీ. ఖాళీ చాలు. వేలు చెక్కను రాసుకుంటే ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా మూతి పక్కకు తోసుకుపోతుంది. అరచేతి కింద షెల్ఫ్ చేతిని తాకాలి, నొక్కకూడదు. గ్రిప్‌లో ఏ భాగమూ మణికట్టును తాకకూడదని నిబంధన.

సరిపోయిందో లేదో తేల్చే పరీక్ష సులువు. ఖాళీ పిస్టల్ పట్టుకుని కళ్లు మూసుకుని ఎత్తి, స్థిరపడ్డాక తెరవాలి. ఫ్రంట్ సైట్ నాచ్ మధ్యలో లేకపోతే మణికట్టుతో సర్దకూడదు. గ్రిప్‌నే సర్దాలి. కొన్ని వారాలు వాడాక ఇదే పరీక్ష మళ్లీ పెడితే కొత్త తేడా బయటపడుతుంది, పట్టు స్థిరపడేకొద్దీ చెయ్యి కొత్తచోట కూర్చుంటుంది కాబట్టి.

ట్రిగ్గర్

రెండు దశల ట్రిగ్గర్‌కు మొదటి దశ 700, రెండో దశ 330, మొత్తం 1,030 గ్రాములు పెట్టాం. సరిగ్గా 1,000 పెడితే మురికి చేరినా, స్క్రూ కాస్త కదిలినా తనిఖీలో తప్పే ప్రమాదం ఉంది. తూకం వేసేటప్పుడు ఖాళీ పిస్టల్‌ను కాక్ చేసి, మూతి నిటారుగా పైకి పెట్టి, ట్రిగ్గర్ మధ్యలో కిలో బరువు తగిలించి బల్ల మీద నుంచి నెమ్మదిగా ఎత్తాలి. కుదుపుతో ఎత్తితే ఏ ట్రిగ్గరైనా జారుతుంది.

సియర్ (హ్యామర్‌ను ఆపి ఉంచే కొక్కెం) పట్టు మరీ తగ్గించకూడదు. ఒక నొక్కుకు రెండు తూటాలు పేలే జబ్బు దీనివల్లే వస్తుంది. సర్దిన ప్రతిసారీ ఖాళీ పిస్టల్‌లో స్లైడ్‌ను జోరుగా పదిసార్లు వదిలి హ్యామర్ నిలబడుతోందో చూడాలి. రేంజ్‌లోనూ మొదట మ్యాగజైన్‌లో రెండు తూటాలకు మించి పెట్టొద్దు.

ఇంట్లో డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) చేయాలంటే పిస్టల్‌కు ఆ ఏర్పాటు ఉండాలి, లేదా ప్లాస్టిక్ డమ్మీ వాడాలి. రూగర్ మార్క్ పిస్టళ్లలో ఫైరింగ్ పిన్‌ను ఆపే చిన్న అడ్డపిన్ ఉంటుంది. శుభ్రం చేశాక దాన్ని పెట్టడం మరిస్తే చాంబర్ అంచుకు గుంట ఖాయం.

తూటాల పరీక్ష

40 గ్రెయిన్ల (2.6 గ్రాముల) సీసపు గుండు, స్టాండర్డ్ వెలాసిటీ. హై వెలాసిటీ జోలికి వెళ్లొద్దు. టార్గెట్ పిస్టల్ రీకాయిల్ స్ప్రింగ్ స్టాండర్డ్ తూటాల లెక్కకే సరిచేసి ఉంటుంది. వేగం పెరిగితే స్లైడ్ వెనక్కి వెళ్లి గట్టిగా గుద్దుకుంటుంది, ఆ దెబ్బను మెత్తబరిచే బఫర్ పగులుతుంది, చివరికి ఫ్రేమ్ దాకా వస్తుంది.

ఈలీ, ఆర్‌డబ్ల్యూఎస్, ఎస్‌కే, సీసీఐ లాంటి నాలుగు రకాలు ఒక్కో 50 తూటాల పెట్టె చొప్పున చాలు. రకం మారినప్పుడు బ్యారెల్‌లో గుండు పైపూత నుంచి పట్టిన పాత మైనం పోయి కొత్తది పట్టడానికి మొదటి 10 తూటాలు ఖర్చు. మిగతా 40తో నాలుగు గ్రూపులు. ముంజేతికి ఇసుక సంచి ఆనించాలి, పిస్టల్ ఫ్రేమ్‌కు కాదు. దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిచి 5.6 మి.మీ. తీసేస్తే గ్రూప్ కొలత. సగటు 30 మి.మీ. లోపుంటే చాలు, పది వలయం 50 మి.మీ. కదా. 22కూ 27కూ తేడా చూసి మురిసిపోవడం కన్నా, ఏ రకం ఒక్కసారి కూడా ఆగకుండా పేలిందో అది కొనడం తెలివి. నచ్చిన రకాన్ని ఒకే లాట్ (తయారీ విడత) నంబరులో ఎక్కువగా కొని పొడిచోట దాచాలి. లాట్ మారితే పరీక్ష మళ్లీ మొదలు.

సైట్లు

కన్ను నుంచి ఫ్రంట్ సైట్ 870 మి.మీ. దూరంలో ఉంటే, 25 మీటర్ల దగ్గరి 200 మి.మీ. నల్ల వృత్తం ఆ దూరంలో సుమారు 7 మి.మీ. వెడల్పుగా కనిపిస్తుంది. ఫ్రంట్ సైట్ దానికన్నా సన్నగా, నాచ్‌లో రెండు వైపులా స్పష్టమైన వెలుగు కనిపించేలా ఉండాలి. మసక వెలుతురు రేంజ్‌లో వెడల్పు నాచ్ నయం. గ్రూప్ ఎటు పోవాలో రియర్ సైట్‌ను అటే జరపాలి. ఫ్రంట్ సైట్ అర మిల్లీమీటరు ఎత్తు పెంచితే గ్రూప్ 57 మి.మీ. దిగుతుంది. సైట్ స్క్రూ క్లిక్‌లను నమ్మే ముందు పది క్లిక్‌లు పైకి, ఐదు తూటాలు, మళ్లీ పది కిందకు, ఐదు తూటాలు. గ్రూప్ మొదటి చోటికి రాకపోతే స్క్రూలో వదులు ఉన్నట్టే.

ఆగిపోవడాలు

ఖాళీ షెల్ స్లైడ్‌లో నిలువుగా ఇరుక్కుంటే అనుమానించే వరస ఇది: ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద మైనం, బలహీనమైన తూటా, వదులైన మణికట్టు. కొత్త తూటా చాంబర్‌లోకి వెళ్లకుండా ఆగితే మ్యాగజైన్ పెదవులో, చాంబర్ మురికో కారణం. మ్యాగజైన్‌లోనే ఇరుక్కుంటే రిమ్‌ల తంటా: పై తూటా రిమ్ కింది తూటా రిమ్‌కు ముందుండాలి, వెనకబడితే ముందుకు కదలదు. ఒక్కో తూటాను వెనక గోడకు ఆనేలా కాక, కింది రిమ్ ముందు వదిలి పెడితే సగం బాధ తగ్గుతుంది. పాత మ్యాగజైన్లకు నంబర్లు రాసి పెట్టడం వల్ల తప్పు పిస్టల్‌దో మ్యాగజైన్‌దో ఇట్టే తేలుతుంది.

నొక్కితే పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి. తర్వాత తీసి రిమ్ మీద గుర్తు చూడాలి. గుర్తు లోతుగా ఉంటే ఆ చోట రిమ్‌లో మందు లేదు, తూటా తప్పు. లోతు లేకపోతే పిన్ అరిగిందో, పిన్ దారిలో మురికో, హ్యామర్ స్ప్రింగ్ నీరసమో. శబ్దం మామూలు కన్నా చిన్నగా వస్తే మాత్రం అక్కడితో ఆపాలి. గుండు బ్యారెల్‌లో చిక్కుకుని ఉండొచ్చు. ఖాళీ చేసి, రాడ్‌తో దారి చూశాకే తర్వాతి తూటా.

శుభ్రం, అరుగుదల

చాంబర్, బ్రీచ్ ముఖం, ఎక్స్‌ట్రాక్టర్ 300 తూటాలకోసారి. బ్యారెల్‌ను అంత తరచుగా ముట్టుకోనక్కర్లేదు, మైనం పూత దానికి మంచిదే. శుభ్రం చేసేటప్పుడు చాంబర్ వైపు నుంచే లాగాలి, మూతి వైపు నుంచి ఉక్కు రాడ్ దూర్చితే అంచు అరిగిపోతుంది. నూనె స్లైడ్ జారే పట్టాకు ఒక్క చుక్క. ఎక్కువైతే మసిని పట్టి ముద్ద చేస్తుంది. పని అయ్యాక చేతులు కడగకుండా తినొద్దు, అది సీసం.

రీకాయిల్ స్ప్రింగ్ పొడవు కొత్తప్పుడు కొలిచి పద్దులో రాసుకుంటే మార్చే వేళ దానంతటదే తెలుస్తుంది. పొడవు తగ్గడం, షెల్స్ అలవాటు కన్నా దూరంగా ఎగిరిపడటం రెండూ కలిసి కనిపిస్తే స్ప్రింగ్ మార్చాలి. 5,000 దగ్గర మా పద్దులో మారినవి: స్ప్రింగ్ ఒకటి, బఫర్ ఒకటి. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం మొన ఇంకా పదునుగానే ఉంది, అయినా కొత్తది ఒకటి గ్రిప్ స్క్రూలతో పాటు కిట్‌లో ఉంచాం.