టియాగ్రా షిఫ్టర్, శ్రామ్ డీరైలర్: మధ్యలో ఆ 3 మిల్లీమీటర్లు

నిన్న పొద్దున సైకిల్ మీద బెంగళూరు దగ్గరి నంది హిల్స్ ఎక్కుతుంటే మళ్ళీ అదే గొడవ. వెనక చక్రానికి 28 పళ్ళ కాగ్ (పళ్ళ చక్రం) మీద ఊపిరి అందక 32 పళ్ళదానికి క్లిక్ చేశాను. చైన్ ఎక్కదు. రెండు కాగ్‌ల మధ్య టకటకా కొట్టుకుంటూ ఉంటుంది. లీవర్ నొక్కి పట్టుకుంటే ఎక్కుతుంది, వదిలితే దిగిపోతుంది. మూడు వారాలుగా ఇదే, బాగా విసుగొచ్చింది.

షిఫ్టర్లు (హ్యాండిల్ మీద గేర్ మార్చే లీవర్లు) షిమానో టియాగ్రా 4700, క్యాసెట్ (వెనక కాగ్‌ల గుత్తి) శ్రామ్ పీజీ-1070 (11 నుంచి 32 పళ్ళ దాకా), చైన్ కేఎంసీ ఎక్స్10. వీటితో ఏ పేచీ లేదు. చైన్‌ను కాగ్ నుంచి కాగ్‌కి జరిపే వెనక డీరైలర్ మాత్రం ఫ్రెండ్ 11 స్పీడ్‌కి (వెనక 11 కాగ్‌లు) మారినప్పుడు ఇచ్చిన పాత శ్రామ్ అపెక్స్, అదీ 10 స్పీడే. పదీ పదీ కలుస్తాయిలే అనుకున్నాను.

"ముందు హ్యాంగర్ చూడరా" అన్నాడు వాడు, డీరైలర్‌ను ఫ్రేమ్‌కి తగిలించే ముక్క వంగిందేమోనని. గేజ్ పెట్టి చూస్తే తేడా 2 మి.మీ. లోపే. కేబుల్ బిగుసుకుంటోందేమోనని ఇన్నరూ ఔటరూ రెండూ మార్చాను. డీరైలర్‌కీ కాగ్‌లకీ మధ్య ఎడం సరిచేసే బీ-స్క్రూ తిప్పాను. ఏమీ మారలేదు. ఒక సంగతి మాత్రం కనిపెట్టాను: 11 పళ్ళ కాగ్ మీద సరిగ్గా కూర్చోబెడితే మొదటి మూడు నాలుగు కాగ్‌లు వెన్నలా పడతాయి, 17 దాటాక చప్పుడు మొదలై పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. హ్యాంగర్ తప్పయితే ఇంత వరసగా పెరగదనిపించింది.

మొన్న శనివారం ఎస్పీ రోడ్డులో వెర్నియర్ కాలిపర్ కొన్నాను. చైన్ తీసేసి కేబుల్ మీద మార్కర్‌తో గీత పెట్టి 9 క్లిక్‌లూ కొట్టాను. కేబుల్ 25 మి.మీ. కదిలింది, అంటే క్లిక్‌కి దాదాపు 2.8. శ్రామ్ డీరైలర్ నిష్పత్తి 1.3, అంటే కేబుల్ 1 మి.మీ. కదిలితే డీరైలర్ 1.3 మి.మీ. జరుగుతుంది. కాబట్టి జాకీ వీల్ (డీరైలర్‌లో చైన్ తిరిగే చిన్న చక్రం) కదలాల్సింది 32.5. కొలిస్తే అంతే వచ్చింది. కానీ 10 స్పీడ్ క్యాసెట్‌లో కాగ్‌కి కాగ్‌కి దూరం 3.95. తొమ్మిది అంగలకి 35.5 కావాలి. 3 మి.మీ. తక్కువ!

మధ్యలో 17 దగ్గర సరిచేసి ఆ తప్పును రెండు వైపులకీ పంచి చూశాను. చివర్లలో ఒకటిన్నర మి.మీ. చొప్పున మిగిలింది. ఇప్పుడు 32తో పాటు 11 కూడా పోయింది. తర్వాత కేబుల్‌ను బోల్టుకి అవతలి పక్క బిగించాను. జాకీ వీల్ కదలిక 34 మి.మీ. దాకా వచ్చింది, ఆశ పుట్టింది. 40 కి.మీ. తొక్కేసరికి బోల్టు దగ్గర కేబుల్ మడతపడి రెండు పోగులు తెగి కనిపించాయి. ఈ చిట్కా ఎవరికీ చెప్పను.

షిమానోదే పాత 105 5700 డీరైలర్ చవగ్గా దొరుకుతోంది కానీ దాని నిష్పత్తి 1.7. క్లిక్‌కి 4.7 పైనే దూకుతుంది, అది ఇంకా ఘోరం. షిమానో 4700ని కూడా 10 స్పీడ్ అనే పిలిచి కేబుల్ లెక్క మాత్రం 11 స్పీడ్ దారిలోకి మార్చేసింది. పెట్టె మీద పెద్దక్షరాలతో రాయాల్సిన విషయం ఇది.

అందుకే నా షిఫ్టర్లకి జోడీ అయిన టియాగ్రా 4700 డీరైలర్ (జీఎస్ రకం) ఆర్డర్ పెట్టాను. దాని నిష్పత్తి 1.4. 2.8 ఇంటూ 1.4 అంటే 3.92, చాలు. అపెక్స్‌ను పారేయను, మంచి డీరైలర్ అది. పాత స్టీల్ ఫ్రేమ్ ఒకటి బాల్కనీలో ఉంది. సెకండ్ హ్యాండ్‌లో శ్రామ్ వాళ్ళ సొంత షిఫ్టర్లు, డబుల్‌ట్యాప్ లీవర్లు దొరికితే రెంటినీ దానికే బిగిస్తాను. ముందు ఆదివారం కల్లా జీఎస్ వస్తే మళ్ళీ నంది, ఈసారి 32 మీద.