పది అంగుళాల టెలిస్కోపు, చిన్న కారు, ఒక్క మనిషి

హైదరాబాదు ఆకాశంలో చంద్రుడినీ, గురు, శని గ్రహాలనూ, కొన్ని జంట నక్షత్రాలనూ తప్ప టెలిస్కోపుతో తృప్తిగా చూడగలిగినవి ఇప్పుడు తక్కువ. గెలాక్సీలూ నీహారికలూ కావాలనుకునేవారు అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రాత్రుల్లో నగరపు వెలుగును దాటి చాలా దూరం వెళ్లవలసిందే. ఆ రాత్రిలో అసలు కష్టం ప్రయాణంలో లేదు. అపార్ట్‌మెంటు సెల్లారులో కారు పక్కన నిలబడి, రెండు పెద్ద సామాన్లను ఒక్కరే లోపలికి చేర్చడంలో ఉంది. ఆకాశం తేటపడిన రోజునే మిత్రులకూ సెలవు దొరకడం అరుదు కాబట్టి ఈ పని నేను చాలావరకు ఒంటరిగానే చేస్తాను. పెద్ద టెలిస్కోపు కొనాలనుకునేవారు ఎక్కువగా అడిగేది అద్దం నాణ్యత గురించి, చూపు స్పష్టత గురించి. ఎత్తడం గురించి అడిగేవారు అరుదు. కొన్న టెలిస్కోపు ఇంటి గడప ఎన్నిసార్లు దాటుతుందో నిర్ణయించేది మాత్రం ఎత్తడమేనని నా గట్టి అభిప్రాయం.

నాది డాబ్సోనియన్ రకం. అద్దం వ్యాసం 254 మి.మీ., అంటే పది అంగుళాలు, నాభ్యంతరం (అద్దం నుంచి వెలుగు ఒకచోట కూడే బిందువు దాకా ఉన్న దూరం) 1200 మి.మీ. గొట్టం పొడవు నాలుగు అడుగుల చేరువలో, లావు ఒక అడుగు వరకు ఉంటుంది. ఉక్కు రేకు గొట్టమూ లోపలి గాజు అద్దమూ కలిసి దాదాపు 15 కిలోలు తూగుతాయి. గొట్టాన్ని నిలబెట్టే చెక్క పీఠం కూడా ఇంచుమించు అంతే. ఈ నమూనాకు పేరిచ్చిన జాన్ డాబ్సన్ శాన్ ఫ్రాన్సిస్కోలోని వేదాంత మఠంలో చాలాకాలం సన్యాసిగా ఉన్నారు. ఓడ కిటికీల గాజును అరగదీసి అద్దాలు చేసి, అట్ట గొట్టాల్లో బిగించి, చెక్క పెట్టెల మీద నిలిపి, దారిన పోయేవారికి చంద్రుడిని చూపించడానికి వాటిని వీధుల్లోకి తీసుకువెళ్లేవారు. 1968లో ఏర్పడిన శాన్ ఫ్రాన్సిస్కో సైడ్‌వాక్ ఆస్ట్రానమర్స్ సంఘం ఆ పని నుంచి పుట్టినదే. ఈ టెలిస్కోపు బోల్టులు విప్పనక్కరలేకుండా రెండు ముక్కలుగా విడిపోతుంది. దీనిలో నేను అన్నిటికన్నా గౌరవించే గుణం అదే, ఎందుకంటే 30 కిలోల ఒకే వస్తువును కారులో పెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, 15 కిలోల వస్తువులు రెండింటిని పెట్టడం అవుతుంది.

అయితే 15 కిలోలు అన్నిచోట్లా 15 కిలోల్లా ఉండవు. పని ప్రదేశాల్లో భద్రతను అధ్యయనం చేసే నియోష్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ, బరువులెత్తే పనికి 1991లో సవరించిన ఒక సూత్రాన్ని వాడుతుంది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఒక మనిషి ఎత్తదగిన బరువుకు అది పెట్టిన హద్దు 23 కిలోలు. ఆ అనుకూలతల్లో ముఖ్యమైనది, బరువు మధ్యభాగం మన చీలమండల నుంచి 25 సెంటీమీటర్లకు మించి ముందుకు పోకూడదన్నది. అది 50 సెంటీమీటర్లకు జరిగితే హద్దు సగానికి, అంటే 11.5 కిలోలకు పడిపోతుంది. దానికి తోడు నడుమును పూర్తిగా పక్కకు, 90 డిగ్రీలు మెలితిప్పవలసి వస్తే మిగిలినదానిలో మరో 29 శాతం పోయి, హద్దు ఎనిమిది కిలోల దగ్గర ఆగుతుంది. హాల్లో గుండెకు హత్తుకుని నడిచినప్పుడు ఏమాత్రం ఇబ్బంది పెట్టని గొట్టం, కారు తలుపులోంచి చేతులు చాచి ఒక పక్కకు తిరిగి ఎత్తేసరికి హద్దుకు దాదాపు రెట్టింపు బరువవుతుంది. చిన్న కారులో నడుము పట్టేసేది వస్తువు బరువు వల్ల అనుకుంటాం గానీ, ఎక్కువసార్లు అది చాచిన చేతుల వల్లే. అందువల్ల నా పద్ధతి అంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది: బరువు గాలిలో ఉన్నంతసేపూ ఒంటికి ఆనుకుని ఉండాలి, ఒంటికి దూరం జరగవలసి వచ్చినప్పుడు అది గాలిలో కాక దేనిమీదనైనా ఆని ఉండాలి.

ఈ లెక్కన చూస్తే, బరువైన సామానుకు డిక్కీ చాలా చెడ్డ చోటు. బంపరు మన మోకాళ్లను ఆపేస్తుంది, అంచు దాటించి లోపలి గుంటలోకి దించాలి, నడుము వంగి ఉండగా చేతులు చాచి ఉంటాయి. అందుకే పీఠాన్ని నేను ఎడమవైపు ముందు సీటులో పెడతాను. ముందుగా సీటును పూర్తిగా వెనక్కి జరిపి, దాని మీద పాత దుప్పటి పరచాలి. పీఠాన్ని ఒంటికి ఆనించుకుని తలుపు దాకా మోసుకువచ్చి, దాని అంచును సీటు కొన మీద ఆనించి, ఒక క్షణం ఆగి పట్టు మార్చుకుని, అప్పుడు తొడతో తోస్తే అది లోపలికి జారుతుంది. గుండ్రటి అడుగు పలక సీటు వీపుకు ఆనేలా పడుకోబెడితే ఎత్తు తగ్గి, డ్రైవరుకు ఎడమ అద్దం కనబడుతుంది. సీటు బెల్టును పీఠం చుట్టూ తిప్పి బిగించాలి. బెల్టు పెట్టుకోలేదని దారిపొడవునా మోగే గంట ఆగడం దానివల్ల కలిగే చిన్న లాభం మాత్రమే, పెద్ద లాభం గురించి కింద చెబుతాను.

గొట్టం వెనక సీటు మీద అడ్డంగా పడుకుంటుంది. టెలిస్కోపు కొనకముందే రెండు వెనక తలుపుల మధ్య ఉన్న వెడల్పును టేపుతో కొలవండి. తలుపు తెరిచినప్పుడు కనిపించే ఖాళీని విడిగా కొలవండి, ఎందుకంటే లోపల పట్టే వస్తువు ద్వారంలో పట్టకపోవచ్చు. అద్దం ఉన్న కొన బరువు, తెరిచి ఉండే కొన తేలిక, కాబట్టి బరువు కొననే ముందుగా లోపలికి పంపాలి. అది సీటు మీద ఆనిన మరుక్షణం బరువులో ఎక్కువ భాగం కారు మోస్తుంది, మన చేతుల్లో తేలిక కొన మిగులుతుంది. నేను ఎడమ తలుపు నుంచి సగం దాకా తోసి, చుట్టూ తిరిగి కుడి తలుపు దగ్గరికి వెళ్లి, కింద పరిచిన దుప్పటితో సహా మిగిలిన సగం లాగుతాను. దుప్పటి లేకుండా గొట్టాన్నే లాగితే అది సీటు గుడ్డకు పట్టేస్తుంది. ఫైండరును, అంటే గురి చూసుకోవడానికి గొట్టం మీద బిగించే చిన్న దూరదర్శినిని, ముందే విప్పి విడిగా పెట్టాలి, కంటికటకం అమర్చే భాగం పైకి ఉండేలా గొట్టాన్ని తిప్పాలి, మూతలు రెండూ గట్టిగా ఉన్నాయో లేదో చూడాలి.

దించేటప్పుడు మాత్రం ఎడమ తలుపు జోలికి పోకూడదు. అటునుంచి లాగితే తేలిక కొన ముందు వస్తుంది, బరువు కొన చివర్లో ఒక్కసారిగా సీటు అంచు దాటి చేతుల్లో పడుతుంది. అద్దం ఉన్నది కుడివైపు గనక కుడి తలుపు తెరిచి, బరువు కొనను మొదటే ఛాతీకి హత్తుకుని లాగితే తేలిక కొన దానంతట అదే వెంట వస్తుంది. ఎడమ నుంచి ఎక్కించడం, కుడి నుంచి దించడం: ఈ ఒక్క నియమం పాటించాలంటే కారుకు రెండు వైపులా చోటుండాలి, సెల్లారు స్తంభం కుడి తలుపును మింగకూడదు, చేరిన చోట రోడ్డు వైపు తలుపు తెరవవలసిన అవసరం రాకుండా కారును పొలం బాటలోకి దించి ఆపాలి.

బెల్టు సంగతికి వస్తే, వెనక సీటు బెల్టులతో గొట్టాన్ని రెండు చోట్ల బంధిస్తాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేనికైనా గుద్దుకుని ఆగిపోతే, లోపల కట్టకుండా ఉంచిన వస్తువు 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగో అంతస్తు నుంచి పడిన వస్తువంత వేగంతో ముందుకు వస్తుంది. 15 కిలోల గాజూ ఉక్కూ అలా వచ్చేది డ్రైవరు వీపు వైపే.

చేరిన తరువాత ముందు పీఠాన్ని దించి, సమమైన నేల మీద పెట్టి, కదలకుండా ఉందో లేదో చూసుకోవాలి. ఆ తరువాతే గొట్టం బయటికి రావాలి, అదీ కారు నుంచి నేరుగా పీఠం మీదికే. మధ్యలో నేల మీద పెడితే ఒక ఎత్తడం రెండు అవుతుంది, నేల మీద నుంచి ఎత్తడం వాటిలో కష్టమైనది. కారు కుదుపులకు అద్దాల అమరిక కొద్దిగానైనా తప్పుతుంది, కాబట్టి దాన్ని సరిచేసే స్క్రూడ్రైవరును డిక్కీలో అడుగున కాకుండా తలుపు అరలో పెట్టుకుంటాను. వేసవిలో మధ్యాహ్నమే ఎక్కించి కారును ఎండలో ఉంచడం మంచిది కాదు. వేడెక్కిన మందపాటి గాజు చల్లబడడానికి గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది, అప్పటిదాకా గ్రహాలు మరుగుతున్నట్టు కనిపిస్తాయి.

వెనక్కి బయలుదేరే సమయానికి రాత్రి రెండు దాటి ఉంటుంది. కళ్లు చీకటికి అలవాటుపడి ఉంటాయి, ఒళ్లు అలసి ఉంటుంది, గొట్టం మంచుకు తడిసి జారుతుంది. సాయంత్రం ఇంటి దగ్గర ఎంత ఓపికగా ఎక్కించగలను అన్నదాన్ని బట్టి కాక, ఈ సమయంలో ఎక్కించగలనా అన్నదాన్ని బట్టి టెలిస్కోపు పరిమాణాన్ని ఎంచుకోవాలని నేను ఎవరికైనా చెబుతాను. ఎనిమిది అంగుళాలతో పోలిస్తే పది అంగుళాల అద్దం ఒకటిన్నర రెట్లకు పైగా వెలుగును పోగుచేస్తుంది, ఆ తేడా గోళాకార నక్షత్ర గుచ్ఛాలలో స్పష్టంగా తెలుస్తుంది. అయినా నడుము నొప్పి ఉన్నవారికీ, లిఫ్టు లేని ఇంట్లో ఉండేవారికీ నేను ఎనిమిదే సూచిస్తాను. పన్నెండు అంగుళాల నిండు గొట్టం చిన్న కారుకు గానీ ఒక్క మనిషికి గానీ తగినది కాదు. అంత పెద్దది కావాలంటే గొట్టానికి బదులు విడదీసే కడ్డీలున్న నమూనా చూడాలి, అందులోనూ మొత్తం బరువు కన్నా ముందు, అద్దం బిగించిన పెట్టె ఒక్కటే ఎన్ని కిలోలో అమ్మేవారిని అడగాలి.