ఆఫ్‌సెట్ వేసుడు

నల్లగొండల ఐటీఐ చేసిన తమ్ముడొకడు చౌటుప్పల్‌ల మా షాపుకు కొత్తగ వచ్చిండు. వానికి ఫానుక్ లేత్ (కంప్యూటర్ కంట్రోల్‌తోని నడిచే సీఎన్‌సీ లేత్) మీద ఆఫ్‌సెట్ వేసుడు, అంటే టూల్ మొన యాడుందో మిషన్‌కు చెప్పుడు, చూపిస్తున్న.

పద్ధతి చిన్నదే. ముందు ఫేసింగ్ కట్ (జాబ్ ముందు ముఖం చదును చేసుడు) తీసి, జెడ్ (జాబ్ పొడుగు దిక్కు) కదపకుండ టూల్ బయటికి గుంజి, జెడ్ 0 కొట్టి మెజర్ బటన్ నొక్కాలె. తర్వాత డయా మీద పలుచగ కట్ తీసి, ఎక్స్ (డయా దిక్కు) ముట్టకుండ జెడ్‌లనే వెనక్కి తెచ్చి, జాబ్‌ను తిప్పే స్పిండిల్ ఆపి మైక్రోమీటర్ పెట్టాలె. 48.32 వస్తే ఎక్స్‌ల అదే కొట్టి మెజర్.

"అన్నా, సెంటర్ నుంచి టూల్ దూరం సగమే కదా, సగం కొట్టద్దా?" అన్నడు. మస్తు అడిగిండు. మా మిషన్‌ల ఎక్స్ లెక్క డయా లెక్కనే, కొలిచింది కొలిచినట్టే కొట్టాలె.

అసలు పంచాయితీ వేర్ పేజీ (టూల్ అరుగుదలకు చిన్న సవరణలు వేసేది) కాడ. సైజు 0.04 ఎక్కువొస్తే అక్కడ ఎక్స్‌ల -0.04 కొట్టి 'ప్లస్ ఇన్‌పుట్' నొక్కాలె, పాత అంకెకు కలుస్తది. ఉత్త ఇన్‌పుట్ కొడితే పాత అంకె పోయి కొత్తది కూసుంటది. పొద్దటి నుంచి చేసుకున్న సవరణ గంగల కలిసినట్టే. కొందరు సీనియర్లు సైజు కూడా జామెట్రీ పేజీలనే (మెజర్ కొట్టిన అసలు కొలత ఉండేది) సవరిస్తరు. నాకు నచ్చదు. ఇన్సర్ట్ (టూల్ కోసే ముక్క) మార్చినప్పుడు ఏది అసలు కొలత, ఏది అరుగుదల అని ఎట్ల తెలుస్తది? పైగా పొద్దుగాల చల్లటి మిషన్ మీద కలిసిన సైజు, స్పిండిల్ వేడెక్కినంక కొంచెం జరుగుతది. ఆ సవరణ వేర్‌ల ఉంటేనే మంచిది.

రేపు బోరింగ్ బార్, లోపలి రంధ్రం కోసే టూల్. టిప్ నంబర్ (టూల్ మొన ఏ దిక్కు చూస్తదో చెప్పే అంకె) బయటి డయా టూల్ లెక్క 3 కాదు, 2 పెట్టాలె. ఎందుకన్నా అని వాడు తప్పక అడుగుతడు, బొమ్మ గీసి పెట్టుకున్న.