క్యాష్ కౌంటర్ నుంచి రుణాల సీటు దాకా: నా అనుభవం

ప్రభుత్వ రంగ బ్యాంకులో క్లర్కుగా చేరిన కొన్నేళ్లకు పని చేతికి అలవాటైపోతుంది. నోట్లు లెక్కపెట్టడం, చిరిగినవి వేరుచేయడం, సాయంత్రం క్యాష్ సరిచూసి తాళం వేయడం. ఆ పని మీద నాకు ఏనాడూ చిన్నచూపు లేదు. అయినా నలభై దగ్గరపడుతున్న కొద్దీ, ఉద్యోగంలో కొత్తగా నేర్చుకున్నదేమీ లేదన్న దిగులు ఎక్కువైంది.

మొదట అందరిలాగే ‘ఆఫీసర్ కావాలి’ అనుకున్నాను. ఎన్నిసార్లు అనుకున్నా, రేపు పొద్దున ఏం చేయాలో ఆ కోరిక నాకు చెప్పలేదు. దారి దొరికింది ఒక రైతు అడిగిన ప్రశ్నతో. ప్లాస్టిక్ కవరులోంచి పాసుపుస్తకం తీసి కౌంటరు మీద పెట్టి, ‘‘అమ్మా, పోయిన ఏడాది పంట రుణానికి వడ్డీ నాలుగు శాతమే పడింది. ఈసారి ఏడు వేశారు, ఎందుకు?’’ అని అడిగాడాయన. ఆ లెక్క చూసేది ఫీల్డ్ ఆఫీసర్. ఆయన సీటు ముందు అప్పటికే పెద్ద వరుస ఉంది. ఆ పెద్దాయన మధ్యాహ్నం దాకా నిలబడటం నా కౌంటరు నుంచి కనబడుతూనే ఉంది. ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను: ‘ఇలాంటి ప్రశ్నకు నేనే జవాబు చెప్పగలగాలి. రుణాల సీటులో పనిచేయాలి.’ హోదా పేరు అందులో రాయలేదు. చేయాలనుకున్న పని రాసుకున్నాక, ఏం చదవాలో, ఎవరిని అడగాలో వాటంతటవే తేలాయి.

మేనేజర్ గారితో చెబితే, ‘‘ముందు జేఏఐఐబీ రాయండమ్మా. చదువుతుంటేనే రుణాల పని సగం తెలుస్తుంది’’ అన్నారు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ అనే సంస్థ 1928 నుంచి ఉంది. బ్యాంకు ఉద్యోగుల కోసం ఈ పరీక్ష పెట్టేది అదే. మొత్తం 4 పేపర్లు, ఒక్కోటి 100 మార్కులకు 2 గంటలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. ప్రతి పేపరులో 50 రావాలి. ఒకే విడతలో అన్నీ రాసి, ఒక్కోదాంట్లో కనీసం 45 తెచ్చుకుని సగటు 50 శాతం ఉన్నా గట్టెక్కినట్టే. పాసైతే జీతంలో ఒక ఇంక్రిమెంటు కలుస్తుంది. ప్రశ్నపత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుంది. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివిన నేను ప్రతి అధ్యాయాన్నీ నా మాటల్లో తెలుగులో రాసుకున్నాకే ముందుకు వెళ్లాను. దానికి సమయం రెట్టింపు పట్టింది కానీ, చదివింది మనసులో నిలిచింది.

అన్నింటికన్నా ఇబ్బంది పెట్టింది అకౌంటింగ్ పేపరు. తరుగుదల, బాండ్ల ధర, నిష్పత్తులు, ఏవీ ఒక పట్టాన లొంగలేదు. అప్పుడు మా ఫీల్డ్ ఆఫీసర్ సార్‌ని బతిమాలి, పనివేళలు ముగిశాక ఒక రైస్ మిల్లు క్యాష్ క్రెడిట్ (సరుకు హామీ మీద, పరిమితి మేరకు వాడుకునే అప్పు) ఫైలు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. మిల్లు వాళ్లు నెలనెలా ఇచ్చే సరుకు వివరాల పట్టీ అందులో ఉంది. ఉన్న ధాన్యం, బియ్యం విలువలోంచి, ఇంకా డబ్బు చెల్లించని సరుకు విలువ తీసేయాలి. మిగిలినదాంట్లో మార్జిన్, అంటే మిల్లు వాళ్లు సొంతంగా పెట్టుకోవాల్సిన వాటా, తగ్గించాలి. ఖాతాలోంచి ఎంతవరకు వాడుకోవచ్చో అప్పుడు తేలుతుంది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కని లెక్క, ఆ కాగితం మీద ఒక్క సాయంత్రంలో తేటపడింది. అప్పటినుంచి ప్రతి పాఠానికీ బ్రాంచిలో ఒక ఫైలు వెతుక్కున్నాను. పాత ప్రశ్నల బిట్లు బట్టీ పట్టి పాసయ్యేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఇంక్రిమెంటు వస్తుంది గానీ పని రాదు. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిదే.

ఆ రైతు ప్రశ్నకు జవాబు కూడా చదువులోనే దొరికింది. 3 లక్షల వరకు స్వల్పకాలిక పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టినవారికి కేంద్రం మరో 3 శాతం రాయితీ ఇస్తుంది కాబట్టి 4 శాతమే పడుతుంది. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. ఆయన ధాన్యం అమ్మిన డబ్బు చేతికొచ్చేసరికి గడువు తేదీ దాటిపోయింది. మరుసటి ఏడు నేనే ముందుగా ఫోను చేసి తేదీ గుర్తుచేశాను. ఆ ఫోను నేను చేయాలని ఎవరూ చెప్పలేదు. నా ఎదుగుదల నాకు మొదటిసారి కళ్లకు కట్టింది అప్పుడే.

పరీక్ష పాసయ్యాక ప్రమోషన్‌కు దరఖాస్తు చేశాను. ఇంట్లో దాని గురించి చాలా మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఆఫీసరైతే బదిలీ తప్పదు. అమ్మాయి పదో తరగతి. ‘‘నువ్వు వెళ్లు, ఇంటి సంగతి నేను చూసుకుంటాను’’ అని అత్తయ్య తేల్చి చెప్పారు. ఆ మాట లేకపోతే దరఖాస్తు నా సొరుగులోనే ఉండిపోయేది. ఇంటర్వ్యూలో మొండి బకాయిల గురించి అడిగారు. వాయిదాల్లో తీర్చే మామూలు టర్మ్ లోన్‌ను 90 రోజులకు మించి కట్టకపోతే మొండి బకాయిగా లెక్కేస్తారు, స్వల్పకాలిక పంట రుణానికి మాత్రం రెండు పంట కాలాలు చూస్తారు. ఆ తేడా ఎందుకో, మా ఊరి వరి కోతలనే ఉదాహరణగా తీసుకుని చెప్పాను. 

ఇప్పుడు పక్క జిల్లాలో రుణాల సీటులోనే ఉన్నాను. సంఘాల మహిళలు తీర్మాన పుస్తకాలతో వస్తారు, పాడి గేదెల రుణాలకు ఊళ్లు తిరగాలి, సాయంత్రానికి కాళ్లు పీకుతాయి. తర్వాతి మెట్టు సీఏఐఐబీ, అదే సంస్థ పెట్టే పై పరీక్ష. అందులో తప్పనిసరి పేపర్లు 4, మనం ఎంచుకునేది ఒకటి. నేను గ్రామీణ బ్యాంకింగ్ ఎంచుకున్నాను. డైరీలో ఈ ఏటి పని కూడా రాసుకున్నాను: పెద్ద డెయిరీ యూనిట్ ప్రాజెక్టు రిపోర్టును ఎవరి సాయం లేకుండా చదివి, అప్పు ఇవ్వదగినదో కాదో చెప్పగలగాలి. దానికోసం శనివారాలు మా సీనియర్ మేడమ్ దగ్గర కూర్చుంటున్నాను.